రుచి – అభిరుచి

మనిషి ఎరిగిన రుచులు రెండు విధాలు. నాలుక ఎరిగేది ఒకటి, మనసు ఎరిగేది మరొకటి. మొదటిదానిని రుచి అనీ, రెండవదానిని అభిరుచి అనీ వ్యవహరిస్తాం. చాయ్ ఎలా ఉంది, నవల ఎలా ఉంది అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా ‘బాగుంది’ అనో, ‘బాగులేదు’ అనో చెప్పి ఊరుకుంటాం. ఆ ఒక్క మాట వెనుక ‘ఎందుకు?’ అనే ప్రశ్న ఉన్నదని చాలామంది గుర్తించరు. గుర్తించిన నాడు ఆ చిన్న మాటే ఆలోచనకు తొలిమెట్టు అవుతుంది.

హైదరాబాదు నగరానికి తూర్పున మలక్‌పేట దాటిన తరువాత దిల్‌సుఖ్‌నగర్ వస్తుంది. అక్కడి నుండి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా సాగిన రహదారి లాల్ బహదూర్ శాస్త్రి పేరు ధరించిన ఎల్.బి.నగర్ కూడలిని చేరుతుంది. విజయవాడ వైపు నుండీ, నల్లగొండ, సూర్యాపేటల నుండీ వచ్చే బస్సులకు ఈ కూడలి నగరద్వారం వంటిది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడవడం ఆరంభమైంది. అప్పటి నుండి ఈ దారికి నేల మీద ఒక ప్రవాహం, ఆకాశంలో ఒక ప్రవాహం ఏర్పడ్డాయి. పుస్తకాల సంచులు తగిలించుకొన్న యువతీయువకులు ఆ రెండు ప్రవాహాలలోనూ కనిపిస్తారు. ఉద్యోగ పరీక్షల శిక్షణ కేంద్రాలు, కంప్యూటరు తరగతులు, కళాశాలలు, వసతి గృహాలు ఆ ప్రాంతమంతా అల్లుకొని ఉన్నాయి.

సాయంకాలమైతే ఈ యువతరమంతా చాయ్ దుకాణాల ముందు గుమిగూడుతుంది. చూసేవారికి అది కాలక్షేపంగా తోచవచ్చు. కాని 2013 ఫిబ్రవరి 21 సాయంకాలం ఇదే రహదారి మీద జంట పేలుళ్ళు జరిగాయి. చదువు కోసం నగరానికి వచ్చిన విద్యార్థులు కూడా ఆ దుర్ఘటనలో ప్రాణాలు కోల్పోయారు. నలుగురు కలిసి నిశ్చింతగా ఒక కప్పు చాయ్ తాగగలగడం ఎంత విలువైనదో ఆనాటి నుండి ఈ ప్రాంతవాసులకు ఒకరు చెప్పవలసిన అవసరం లేకపోయింది.

ఇక్కడ లభించే చాయ్ ప్రధానంగా రెండు రకాలు. బండి మీది చాయ్ ఒకటి, ఇరానీ చాయ్ రెండవది. బండి వద్ద పాలు, నీళ్ళు, టీపొడి, చక్కెర ఒకే గిన్నెలో పోసి, దంచిన అల్లమో ఏలకులో వేసి తెర్లిస్తారు. ఇరానీ హోటలు పద్ధతి వేరు. అక్కడ మూసిన పాత్రలో సన్నని సెగ మీద డికాషన్ చాలాసేపు మగ్గుతుంది. పాలు వేరొక పాత్రలో కాగి కాగి చిక్కబడతాయి. ఆ రెండూ కప్పులోనే కలుసుకొంటాయి. పందొమ్మిదవ శతాబ్ది చివరి నుండి పర్షియా దేశస్థులు బొంబాయి మీదుగా హైదరాబాదు చేరి ఈ హోటళ్ళను నెలకొల్పారు. వీధి మూలన దుకాణం, పాలరాతి పలక పరిచిన బల్ల, గాజు అలమరలో ఉస్మానియా బిస్కెట్లు వాటి గుర్తులు. ఒక కప్పు చాయ్ తీసుకొన్న వాడు ఎంతసేపు కూర్చున్నా లేవమనకపోవడం అక్కడి మర్యాద. స్థలాల ధరలు పెరిగి అటువంటి హోటళ్ళు చాలా మూతపడ్డాయి. మిగిలినవాటిలో ఆ మర్యాద ఇంకా పూర్తిగా పోలేదు.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషనుకు కొంత దూరంలో, ఒక సందు మొదట్లో ఉన్న ఇరానీ హోటలుకు ఒక విద్యార్థి తరచుగా వచ్చేవాడు. నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె అతనిది. ఇంజనీరింగు ప్రవేశ పరీక్షకు సిద్ధమవుతూ వసతి గృహంలో ఉండేవాడు. ఏ కళాశాలలో చేరాలో, ఏ విషయాలు చదవాలో, ఉదయం ఎన్ని గంటలకు లేవాలో అన్నీ ఇతరులే నిర్ణయించారు. పరీక్షలో ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు ముందే అచ్చువేసి ఇచ్చేవారు. వాటిలో ఒక దానిని గుర్తించడమే అతని పని. ‘ఈ విషయంలో నీ అభిప్రాయమేమిటి?’ అని అతనిని అడిగినవారు లేరు. అడగనందువల్ల తనకొక అభిప్రాయం ఉండవచ్చునన్న సంగతి అతడూ మరచిపోయాడు.

ఒకనాడు కాలిబాట మీది పాత పుస్తకాల బండి వద్ద అతనికి ఒక డిటెక్టివ్ నవల దొరికింది. అట్ట లేదు. పేరు లేదు. రచయిత ఎవరో తెలియదు. లోపలి పుట మీద ఏనాటిదో ఒక అద్దె పుస్తకాల దుకాణం ముద్ర మాత్రం సగం చెరిగి ఉంది. పది రూపాయలిచ్చి దానిని కొని, భౌతికశాస్త్రం గైడు నడుమ ఉంచుకొని, ఇరానీ హోటలులో చదవసాగాడు.

ఎదుటి బల్ల వద్ద ప్రతి సాయంకాలం కూర్చునే పెద్దాయన గ్రంథాలయంలో ఉద్యోగం చేసి విశ్రాంతి పొందినవారు. ఎల్.బి.నగర్ నుండి మెట్రోలో ఈ చాయ్ కోసమే వచ్చేవారు. గైడు లోపలి నుండి తొంగిచూస్తున్న పసుపురంగు కాగితాలను ఆయన కళ్ళు పసిగట్టాయి.

“ఏం పుస్తకం బాబూ అది?” అని అడిగారు.

విద్యార్థి గతుక్కుమన్నాడు. “ఏం లేదు సార్. ఊకెనే... పాత నవల,” అన్నాడు.

“ఎలా ఉంది?”

“బాగుంది సార్.”

“ఏం బాగుంది?”

విద్యార్థి జవాబు చెప్పలేకపోయాడు. ఆయన నవ్వి, “పోనీ, ఈ చాయ్ ఎలా ఉంది?” అన్నారు. దానికీ “బాగుంది” అన్న జవాబే వచ్చింది. “రేపు వచ్చేటప్పుడు ఈ రెండూ ఎందుకు బాగున్నాయో ఆలోచించుకొని రా. బాగులేకపోతే ఎందుకు బాగులేవో చెప్పు. నాకేమీ అభ్యంతరం లేదు,” అని ఆయన లేచి వెళ్ళారు.

మరునాటి నుండి వారి మధ్య సంభాషణ సాగింది. అటువంటి నవలలు చదవడం తప్పేమోనన్న సందేహాన్ని విద్యార్థి మొదట బయటపెట్టాడు. పెద్దాయన తాము చూసిన కాలాన్నీ, పెద్దలు చెప్పగా విన్న కాలాన్నీ వివరించారు. నిజాం పాలనలో ఉన్న హైదరాబాదులో తెలుగు పుస్తకం పట్టుకోవడమే ఒక ఉద్యమంగా ఉన్న రోజులలో, 1901లో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఆవిర్భవించింది. ఆ తరువాతి దశాబ్దాలలో పాఠకలోకం క్రమంగా విస్తరించింది. వెయ్యి నవలల రచయితగా పేరొందిన కొవ్వలి లక్ష్మీనరసింహరావు పుస్తకాలు రైలు ప్రయాణికుల చేతులలో ఊళ్ళు తిరిగాయి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, అతని సహాయకుడు రాజు ఇంటింటికీ పరిచితులయ్యారు. తెలుగు సాహిత్య చరిత్రను సంపుటాలుగా రచించిన ఆరుద్ర సైతం డిటెక్టివ్ నవలలు రాయడానికి సంకోచించలేదు. మధుబాబు ‘షాడో’ కోసం యువకులు అద్దె పుస్తకాల దుకాణాల ముందు వేచి ఉండేవారు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1976లో, మల్లాది వెంకట కృష్ణమూర్తి ‘చంటబ్బాయ్’ 1986లో వెండితెరకెక్కాయి. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చి పాఠకులను ఉర్రూతలూగించింది. అటువంటి రచనలను ‘క్షుద్ర సాహిత్యం’ అని నిరసించినవారూ ఉన్నారు. ఆ వాదోపవాదాలు చాలాకాలం సాగాయి.

“అయితే ఎవరిది నిజం సార్?” అని విద్యార్థి అడిగాడు. నాలుగు జవాబులలో ఒకటే సరియైనదని అలవాటు పడిన మనసు అడిగిన ప్రశ్న అది.

పెద్దాయన నేరుగా జవాబు చెప్పలేదు. చాయ్ కప్పును చూపించారు. బండి చాయ్‌లో అల్లం ఘాటు లేకపోతే లోపం. ఇరానీ చాయ్‌లో అదే అల్లం వేస్తే డికాషన్ వగరు మరుగున పడుతుంది. దేనికి ఏది తగునో అది అక్కడ ఉన్నదా, లేదా అని చూడాలి. మన ఆలంకారికులు దీనినే ఔచిత్యం అన్నారు. పదకొండవ శతాబ్దిలో క్షేమేంద్రుడు ఈ ఒక్క భావం మీదనే ఒక గ్రంథం రచించాడు. అపరాధ పరిశోధన నవలను ప్రబంధంలోని వర్ణనలతో కొలవడం, భయానక కథను ప్రేమకథ తూకపురాళ్ళతో తూచడం ఉచితం కాదు. పాఠకుని ముందు ఆధారాలన్నీ నిజాయితీగా ఉంచాడా, లేక చివరి పుటలో ఎక్కడి నుండో ఒక కొత్త మనిషిని తెచ్చి హంతకుడని చూపాడా అన్నది డిటెక్టివ్ నవలను అడగవలసిన ప్రశ్న. ఎదురుచూపు పెంచే నేర్పు తక్కువ విద్య కాదు. తిక్కనకు అంకితమైన కేతన దశకుమార చరిత్రలో దొంగతనాలూ, మారువేషాలూ ఉన్నాయి. పదహారవ శతాబ్దిలో పింగళి సూరన కళాపూర్ణోదయం ఆరంభంలో వేసిన ముడులను ఎంతో దూరం నడిపించి, చివరకు ఒక పసిపాప నోట విప్పించాడు. ఆనాటి శ్రోతలు కూడా ‘తరువాత ఏమైంది?’ అని ఆరాటపడి ఉంటారు.

అయితే అన్నీ సమానమేనని ఆయన అనలేదు. ఉత్కంఠ మాత్రమే ఇచ్చే పుస్తకం ఒక్కసారి చదివితే చాలు. కళాపూర్ణోదయంలో ముడి ఎలా విడుతుందో తెలిసిన తరువాత కూడా మళ్ళీ చదవాలనిపిస్తుంది. ఈ భేదం ఒకరు చెబితే నమ్మవలసినది కాదు. రెండూ చదివినవారు స్వయంగా తెలుసుకోవలసినది. లోకులవి భిన్నమైన రుచులని పెద్దలు చెప్పిన మాట అందరి నోటా వినబడుతుంది. ఎవరి రుచికి కారణం వారు చెప్పగలగాలన్న రెండవ సగాన్ని మాత్రం మనం సాధారణంగా విడిచిపెడతాం.

వారం రోజులకు విద్యార్థి నవల చివరికి వచ్చాడు. అప్పుడు తెలిసింది, చివరి ఎనిమిది పుటలు లేవని! ఒక భూస్వామి తన గదిలో చనిపోయి ఉంటాడు. మేనల్లుడు, వైద్యుడు, వంటమనిషి, గుమాస్తా అనుమానితులు. పరిశోధకుడు అందరినీ హాలులోకి పిలిచి, గొంతు సవరించుకొంటాడు. అక్కడితో పుస్తకం ఆగిపోయింది.

“ఇదేంది సార్, పైసలు దండుగైనయి,” అని విద్యార్థి వాపోయాడు.

“ఎందుకు దండుగ? నలుగురున్నారు. హంతకుడెవరో నువ్వే చెప్పు,” అన్నారు పెద్దాయన.

విద్యార్థి రెండు రోజులు ఆలోచించాడు. మూడవనాడు ఉత్సాహంగా వచ్చాడు. “గుమాస్తానే సార్! హాలులో గడియారం తొమ్మిది కొట్టంగ విన్నానని చెప్పిండు. కని ఆ గడియారం బాగుచేయనీకి పంపిన్రని ముందే రాసి ఉంది. ఇగ ఆయన అబద్ధం చెప్పినట్టే కదా!” అన్నాడు. ఆ మాటలలో ఏడాది కాలంగా లేని ఒక వెలుగు కనిపించింది.

పెద్దాయన మెచ్చుకొన్నారు. తరువాత ఒక ప్రశ్న వేశారు. “అతడు అబద్ధం చెప్పాడు, నిజమే. అబద్ధం చెప్పిన ప్రతివాడూ హంతకుడవుతాడా? భయపడినవాడు కూడా అబద్ధం చెబుతాడు కదా!”

విద్యార్థి ముఖంలో వెలుగు తగ్గింది. చాలాసేపు కప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన నవలను గురించే అడిగారు. కాని ఆ ప్రశ్న వేరొక చోట తగిలింది. నాలుగు నెలలుగా వారాంతపు పరీక్షలలో అతనికి మార్కులు తగ్గుతున్నాయి. భౌతికశాస్త్రం పాఠాలు అతనికి అందడం లేదు. తండ్రి ఫోను చేసి అడిగినప్పుడల్లా “మంచిగనే వస్తున్నయి నాయినా” అని చెబుతూ వచ్చాడు. ఫీజు కోసం తండ్రి అప్పు చేసిన సంగతి అతనికి తెలుసు. తెలుసు గనుకనే నిజం చెప్పలేకపోయాడు.

ఆ ఆదివారం తండ్రి బియ్యం సంచితో ఎల్.బి.నగర్‌లో బస్సు దిగాడు. అక్కడే ఒక బండి వద్ద చాయ్ తాగుదామంటే కుమారుడు వినలేదు. మెట్రో ఎక్కించి, మూడవ స్టేషనులో దింపాడు. “చాయ్ తాగనీకి రైలెక్కుడేందిరా?” అని తండ్రి నవ్వాడు. ఇరానీ హోటలులో ఒక గుక్క తాగి, “గింత తీపా? మన ఊరి బస్టాండు చాయే నయం,” అన్నాడు.

ఇంతకు ముందైతే కుమారుడు తల ఊపి ఊరుకొనేవాడే. ఆనాడు ఊరుకోలేదు. “లేదు నాయినా, నాకిదే మంచిగనిపిస్తది. మన దగ్గర అన్నీ ఒక్కసారే పోసి మసలబెడ్తరు. దానికి అల్లం ఘాటు అందం. ఇక్కడ డికాషన్ వేరే, పాలు వేరే. తీపి ఎక్కువనే ఉంది, కాదనను. కని తాగినంక చివరికి వగరు తగులుతది చూడు. నాకదే ఇష్టం,” అన్నాడు.

తండ్రి కుమారుని వైపు వింతగా చూశాడు. మరొక గుక్క తాగాడు. “అవురా, వగరున్నది. అయినా నాకు మన చాయే ఇష్టం,” అన్నాడు. ఇద్దరూ నవ్వుకొన్నారు. ఒకరి మాటను ఒకరు కాదన్నారు. అయినా బంధానికి ఏ లోటూ రాలేదు. ఆ ధైర్యంతోనే కుమారుడు అసలు సంగతి చెప్పాడు. మార్కులు పడిపోతున్నాయనీ, భౌతికశాస్త్రం అర్థం కావడం లేదనీ, ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాననీ తల వంచుకొని చెప్పాడు.

తండ్రి వెంటనే మాట్లాడలేదు. ఉస్మానియా బిస్కెట్టును చాయ్‌లో ముంచాడు. అది విరిగి కప్పులో పడిపోయింది. చెంచాతో దానిని తీస్తూ, “మార్కులు తక్కువొస్తే వచ్చినయి. నాతోని ఎందుకు చెప్పలేదు బిడ్డా?” అన్నాడు.

“భయమైంది నాయినా.”

“నేను అప్పు చేసింది నువ్వు భయపడనీకి కాదురా. రేపు మీ సారును కలుద్దాం. అర్థం కానిది మళ్ళ చెప్పమందాం. అప్పటికీ కాకుంటే ఏం చేయాల్నో ఇద్దరం కూసొని ఆలోచిద్దాం. నీకేం అనిపిస్తుందో కూడ చెప్పు.”

గైడు లోపల ఉన్న పాత నవల అప్పుడు తండ్రి కంటబడింది. కుమారుడు దాచలేదు. కథ మొదటి నుండి చివరి వరకు చెప్పి, చివరి పుటలు లేవని కూడా చెప్పాడు. తండ్రి కూడా తన చిన్ననాడు అటువంటి పుస్తకాలు అద్దెకు తెచ్చి, గడ్డివాము చాటున చదివినవాడేనని ఆ రోజే తెలిసింది. ఆయన కొంతసేపు ఆలోచించి, “గుమాస్తా కాదురా, వైద్యుడే. ముందుగ గదిలకు పోయింది ఆయననే కదా!” అన్నాడు. దానిని కుమారుడు ఒప్పుకోలేదు. రెండవ కప్పు చాయ్ వచ్చింది. వాదన సాగింది.

చాయ్ మీద చెప్పిన అభిప్రాయం వల్ల ప్రపంచం మారదు. పేరులేని ఒక నవలలో హంతకుడెవరో తెలియకపోయినా ఎవరికీ నష్టం లేదు. నష్టం లేని చోటనే మనిషి స్వతంత్రంగా ఆలోచించడం అభ్యసించగలడు. తనకు ఏది నచ్చిందో గుర్తించడం, దానికి కారణం వెదకడం, ఎదుటివారి కారణం వినడం, అవసరమైతే తన మాటను సవరించుకోవడం – ఇవి ఒక్కరోజులో అబ్బే గుణాలు కావు. చిన్న విషయాలలో వీటిని అలవరచుకొన్నవారికే పెద్ద విషయాలలో నిజం చెప్పే నిబ్బరం కలుగుతుంది. చదువు మనకు ఎన్నో జవాబులు అందిస్తుంది. చిరిగిపోయిన చివరి పుటలను ఎవరికి వారు ఆలోచనతో పూరించుకోవలసిన సందర్భాలు జీవితంలో అనేకం ఎదురవుతాయి. అప్పుడు తోడు నిలిచేది కంఠస్థం చేసిన జవాబు కంటే, కారణం తెలిసిన అభిరుచే.